నురుగు తడి

ఆ వానాకాలం మా కొట్టంలో ఉన్న పద్నాలుగు ఆవుల్లో తొమ్మిదింటికి పొదుగువాపు వచ్చింది. ఇంట్లో అందరూ వానలను తిట్టారు. నేనూ వాళ్ళతో కలిసి తిట్టాను. తప్పు వానలది కాదని తెలిశాక కూడా ఎనిమిది రోజులపాటు తిడుతూనే ఉన్నాను. ఆ ఎనిమిది రోజుల గురించి ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్పడానికి ముఖం చెల్లలేదు.

పాలు పితకడంలో నాకు పేరుండేది. నేను కోడలిగా వచ్చిన కొత్తలోనే మా మామయ్య ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టారు. "మా పెద్దమ్మాయి కింద కూర్చుంటే చాలు, ఎంత పెంకి ఆవైనా చేపాల్సిందే" అనేవారు. ఆ మాట వినబడ్డప్పుడల్లా తల దించుకుని అక్కడినుంచి వెళ్ళిపోయేదాన్ని. తలుపు చాటున ఆగి, ఇంకోసారి అంటారేమోనని వినేదాన్ని కూడా.

నా పద్ధతి మా అమ్మ నేర్పింది. మొదటి రెండు ధారలు అరచేతిలోకి పిండుకుని, ఆ తడిని చన్నులకు రాసి మొదలుపెట్టాలి. బకెట్‌లో నురుగు లేచాక, వేళ్ళు ఆరినప్పుడల్లా ఆ నురుగులో ముంచి తీయాలి. తడి చెయ్యి జారుతూ పోతుంది, ధార తెగదు, ఆవుకు ఆరు నిమిషాలు పడుతుంది. ఒకటి అయ్యాక అదే తడి చేత్తో పక్కదాని కిందికి జరిగేదాన్ని. మధ్యలో లేచి కుళాయి దాకా వెళ్ళి చేతులు కడుక్కు రావడం నా దృష్టిలో పని ఎగ్గొట్టేవాళ్ళు చేసే పని.

కొట్టంలో ఆవులు రెండు వరసలుగా ఉండేవి. రోడ్డు వైపు ఎనిమిది నావి. గోడ వైపు ఆరు మా తోటికోడలివి. ఆమె వచ్చి మూడేళ్ళయింది. పెళ్ళికి ముందు పాలకేంద్రంలో, రైతులు తెచ్చిన పాలను పరీక్షించే ఉద్యోగం చేసేది. అక్కడి అలవాట్లన్నీ మూట కట్టుకుని మా ఇంటికి తెచ్చుకుంది. ప్రతి ఆవు దగ్గరా పొదుగు కడిగేది, పొడిగుడ్డతో తుడిచేది, ఆ గుడ్డ పక్కన పడేసి ఇంకో ఆవుకు ఇంకో గుడ్డ తీసేది. నా ఎనిమిదీ అయిపోయి నేను వచ్చి నిలబడేసరికి ఆమె ఇంకా నాలుగోదాని దగ్గర ఉండేది.

"ఏమే, దాన్ని పెళ్ళికి తయారుచేస్తున్నావా?" అనేదాన్ని.

"నాది నెమ్మదే అక్కా" అని నవ్వేది. ఒక్కసారి మాత్రం, ఎవరూ లేనప్పుడు, మెల్లగా అంది. "నురుగులో వేళ్ళు ముంచకపోతే మంచిదేమో అక్కా. ఆ తడి ఒకదాన్నించి ఇంకోదానికి పోతుంది."

"పోతే పోనీ. అన్నీ మన ఆవులేగా" అన్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాటను జోకుగా చెబితే మామయ్య గట్టిగా నవ్వారు. ఆమె కూడా నవ్వింది పాపం. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

గోడ వైపు చివర కట్టేసి ఉండేది బుల్లిది. అది పుట్టినరోజే తల్లి చచ్చిపోతే, కొత్తగా కాపురానికి వచ్చిన మా తోటికోడలే సీసాతో పాలు పట్టి బతికించింది. ఆ వానాకాలం మొదట్లో అది తొలిసారి ఈనింది. ఆమె తప్ప ఎవరు దగ్గరికి వెళ్ళినా కాలు విసిరేది.

వానలు పట్టుకున్న రెండో వారంలో ఒక పొద్దున, నా వరసలో మూడో ఆవు, ఒంటికొమ్ముదాని మొదటి ధార అరచేతిలో పడగానే సన్నటి పలుకులు కనిపించాయి, విరిగిన పాలలోలాగ. నాకు అవేమిటో తెలియక కాదు. పన్నెండేళ్ళుగా పాడి చేస్తున్నదాన్ని. అరచెయ్యి గచ్చు మీద విదిలించి, పలుకులు పోయేదాకా నాలుగు ధారలు కింద పిండేసి, మిగిలినవి బకెట్‌లోకి పితికాను. చెబితే నా ఆవుకు రోగమొచ్చిందంటారు. రెండు రోజుల్లో అదే తగ్గిపోతుందిలే అనుకున్నాను. మూడు రోజులు అలాగే చేశాను.

నాలుగో రోజు మా ఆయన పాలకేంద్రం నుంచి నిండు క్యాను వెనక్కి తెచ్చి వాకిట్లో దించారు.

"కాచి చూస్తే విరిగిపోయాయట. అందరి ముందూ తిప్పి పంపారు" అన్నారు.

మామయ్య నేరుగా కొట్టంలోకి వెళ్ళి ఒక్కొక్క పొదుగూ తడిమి చూశారు. ఒంటికొమ్ముదాని దగ్గర ఆగారు. వెనక కుడి చన్ను వైపు రాయిలా గట్టిపడి, కాలిపోతోంది. అది ఆయన చేతిని కూడా ఓర్చుకోలేక పక్కకు జరిగింది.

"ఎన్నాళ్ళనుంచి పెద్దమ్మాయ్?"

"ఇవాళే చూస్తున్నాను మామయ్యా" అన్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. "మొన్న ఒక సాయంత్రం నాకు తలనొప్పిగా ఉంటే చిన్నది పితికింది దీన్ని. పాలు పూర్తిగా తియ్యకుండా లేచిందేమో. పొదుగులో మిగిలిన పాలే కదా గడ్డకట్టేవి."

తోటికోడలు అక్కడే క్యాన్లు కడుగుతోంది. "లేదక్కా, ఆఖరి చుక్క దాకా తీశాను" అంది.

"తియ్యలేదని నేననట్లేదమ్మా. నీది నెమ్మది చెయ్యి కదా, దానికి విసుగొచ్చి పాలు ఎగబట్టి ఉంటుంది. అంతే."

ఆ మాట ఎంత తియ్యగా అన్నానో నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపంగా అని ఉంటే ఇంత సిగ్గుపడేదాన్ని కాదేమో.

"కొన్నాళ్ళు నువ్వు పేడా గడ్డీ చూసుకో చిన్నమ్మాయ్. పితకడం అంతా పెద్దమ్మాయే చూసుకుంటుంది" అన్నారు మామయ్య.

"బుల్లిదాన్ని ఒక్కదాన్నీ నేను పితుకుతాను మామయ్యా. దానికి వేరే చెయ్యి పడదు."

"అలవాటు చేస్తే అన్నీ పడతాయి" అని ఆయన వెళ్ళిపోయారు. మా మరిది తన భార్య వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు, గడ్డి కోసుకొస్తానని కొడవలి తీసుకుని పోయాడు. ఆ ఇంట్లో మామయ్య మాటకు ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు.

మరునాటినుంచి పద్నాలుగు ఆవులూ నావే. నడుము పడిపోయేది. కానీ నిజం దాచి ఏం లాభం, సంతోషంగా ఉండేది. బుల్లిది మొదటి రెండు రోజులు బకెట్ తన్నేసింది. దాని వెనక కాళ్ళు కట్టేసి పితికాను. మూడోరోజు కట్టకుండానే నిలబడితే, చూశావా అన్నట్టు తోటికోడలి వైపు చూశాను. పేడ తట్ట నెత్తి మీద పెట్టుకుని ఆమె తల ఊపింది.

ఆ తర్వాత రెండు వారాల్లో నాలుగోది జబ్బున పడింది, ఆరోది పడింది. జబ్బు నా వరస దాటి గోడ వైపుకు వెళ్ళింది. మూడేళ్ళుగా చిన్న వాపు కూడా ఎరగని ఆ వరసలో ఒకదాని తర్వాత ఒకటి మేత మానేశాయి. ఆఖరికి బుల్లిదానికి రెండు చన్నుల వైపూ వాచి, పాలకు బదులు పసుపుపచ్చ నీళ్ళు రావడం మొదలైంది. ఆమె పితికినన్నాళ్ళూ బాగున్న ఆవులు నా చేతికి వచ్చాకే ఎందుకు పడుతున్నాయని నాకు అనిపించలేదా? అనిపించింది. అనిపించినప్పుడల్లా వేరే పనిలో పడ్డాను. మామయ్య మాత్రం తన లెక్క తను వేసుకున్నారు.

"చిన్నదాని చేతి దోషం ఇంకా వదల్లేదు" అనేవారు. నేను విని ఊరుకునేదాన్ని.

పశువుల డాక్టరు వచ్చినరోజు మామయ్య, మా ఆయన పాలకేంద్రం వాళ్ళను బతిమాలుకోవడానికి వెళ్ళారు. మరిది మేతకు వెళ్ళాడు. ఇంట్లో మేమిద్దరమే. డాక్టరు ముసురులో తడిసిన కోటు గుంజకు తగిలించి, నాలుగు గుంటలున్న తెల్లటి పళ్ళెం ఒకటి తీశాడు. ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి పాలు పిండి, ఊదారంగు మందు పోసి గుండ్రంగా తిప్పాడు. బాగున్న పాలు నీళ్ళలా తిరిగాయి. జబ్బు ఉన్న చోట చిక్కబడి జిగురులా సాగాయి. పాలు అలా సాగిన ఆవు ఎదురుగా గుంజ మీద సుద్దముక్కతో గీత పెడుతూ వెళ్ళాడు. పళ్ళెం కడిగి అందించే పని తోటికోడలిది. చెప్పకముందే ఆమెకు అన్నీ తెలిసినట్టుండేసరికి డాక్టరు ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. ఆమె చెప్పింది.

చివరి ఆవు అయ్యాక ఆయన కొట్టం మధ్యలో నిలబడి గీతలు లెక్కపెట్టాడు.

"ఏ వరసలో పితుకుతారమ్మా?"

"ఈ రోడ్డు వైపు మొదటిదాన్నించి మొదలుపెట్టి, ఇలా తిరిగి, ఆ గోడ చివరిదాకా" అన్నాను.

"మొదటి రెండింటికీ ఏమీ లేదు. మూడోదాన్నించి మొదలు. మధ్యలో మూడు తప్పించుకున్నాయి, అది వాటి అదృష్టం." నా వైపు తిరిగి, "ఏదీ, ఆ మొదటిదాన్ని పితికి చూపించు" అన్నాడు.

నేను బకెట్ తీసుకుని కూర్చున్నాను. డాక్టరు ముందు నా చెయ్యి చూపించుకోవచ్చని లోపల కొంచెం ఉత్సాహం కూడా పుట్టింది, నా తెలివి తగలెయ్య. మొదటి ధారలు అరచేతిలోకి, అక్కడినుంచి చన్నులకు, తర్వాత బకెట్‌లోకి. నురుగు లేచింది. వేళ్ళు వాటంతటవే నురుగులోకి వెళ్ళి వచ్చాయి.

"ఆగమ్మా" అన్నాడు డాక్టరు. గట్టిగా కూడా అనలేదు. "ప్రతిదానికీ ఇంతేనా?"

"అవునండీ."

"మధ్యలో చేతులు కడుక్కోవా?"

ఆయన నన్నేమీ అనలేదు. జబ్బు ఆవు పాలలో కంటికి కనపడని పురుగులు ఉంటాయని, అవి తడి చేతిని పట్టుకుని పక్క ఆవు చన్నులోకి దూరతాయని, చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. బాగున్నవాటిని ముందు పితకాలి, జబ్బువాటిని ఆఖరున పితకాలి, ఆవుకూ ఆవుకూ మధ్య చెయ్యి సబ్బుతో కడిగి ఆరబెట్టాలి, పితికాక చన్నులను మందులో ముంచాలి. తోటికోడలు పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. బకెట్‌లోకే చూస్తూ కూర్చున్నాను.

బుల్లిదాని దగ్గర ఆయన చాలాసేపు ఉన్నాడు. "రెండు చన్నులు పోయినట్టే. కానీ చిన్న వయసు. పాలు ఆపేసి మందు ఎక్కించి, శుభ్రమైన చేతుల్లో ఉంచితే వచ్చే ఈతకు ఒకటైనా తిరిగి రావచ్చు. తొందరపడి అమ్మకండి" అన్నాడు. తోటికోడలి వైపు చూసి, "నీ చేతుల్లో ఉంచితే సరి" అన్నాడు.

కోటు తొడుక్కుంటూ, "మీ మామగారితో ఒకసారి మాట్లాడాలి. ఎప్పుడొస్తారు?" అని అడిగాడు.

"నేను చెప్తాను లెండి" అన్నాను.

"అంతా చెప్పాలి మరి."

"చెప్తానండీ."

ఆయన నమ్మి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మామయ్యకు చెప్పాను. జబ్బువి ఆఖరున పితకమన్నారని చెప్పాను, చేతులు కడుక్కోమన్నారని చెప్పాను, మందుల పేర్లు చెప్పాను. ఎవరి చేతులు అన్నది మాత్రం చెప్పలేదు. బుల్లిది బాగుపడవచ్చన్నారని కూడా చెప్పలేదు. అది చెబితే ఎవరి చేతుల్లో ఉంచమన్నారో చెప్పాలి, అది చెబితే ఎందుకో చెప్పాలి.

రెండు రోజుల తర్వాత కుళాయి దగ్గర తోటికోడలు అడిగింది. "చెప్పావా అక్కా?"

"చెప్తానే. ఆయన మనసు బాగోలేదు. కాస్త కుదుటపడనీ."

"నేను చెబితే తప్పించుకోవడానికి అంటున్నాననుకుంటారు. నువ్వు చెబితేనే నమ్ముతారు."

"చెప్తానన్నానుగా."

"సరే అక్కా" అంది. మళ్ళీ అడగలేదు. కానీ రోజూ భోజనాల దగ్గర మామయ్య పక్కన నేను కూర్చున్నప్పుడు, ఆమె వడ్డించడం ఆపి ఒక క్షణం నిలబడేది. నేను వానల గురించి మాట్లాడేదాన్ని. మామయ్య కుదుటపడుతూనే ఉన్నారు, నాకు మాత్రం ఆయన ఏ రోజూ సరిగ్గా కుదుటపడ్డట్టు కనిపించలేదు.

తొమ్మిదో రోజు పొద్దున పశువుల బేరగాడి లారీ వాకిట్లో ఆగింది. మూడు ఆవులను ఇచ్చేయడానికి మామయ్య ముందురోజే మాట్లాడుకున్నారట. ఆ మూడింట్లో ఒకటి బుల్లిది. తోటికోడలు గడ్డి మోపు కింద పడేసి పరుగున వచ్చింది.

"మామయ్యా, బుల్లిదాన్ని ఉంచండి. వచ్చే ఈత దాకా నేను చూసుకుంటాను. నాకు ఇంకేమీ వద్దు."

"ఎవరి చేతికి ఇవ్వమంటావమ్మా? నీ చేతివల్లే కదా ఇంత జరిగింది" అన్నారు మామయ్య. తిట్టలేదు. అలిసిపోయిన మనిషిలా అన్నారు.

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. అడగలేదు, ఏడవలేదు, చూసింది అంతే. వాకిట్లో మా ఆయన ఉన్నారు, మరిది ఉన్నాడు, బేరగాడు, లారీ మనుషులు ఇద్దరు. అందరూ నా నోటివైపే చూస్తున్నట్టనిపించింది. తప్పు నాదే, దాన్ని ఉంచండి. అంతే, నాలుగు మాటలు. నోరు తెరిచాను కూడా.

"లారీలో కింద గడ్డి పరిపించండి. తడికి జారుతుంది" అన్నాను.

మిగతా రెండూ ఎక్కాయి. బుల్లిది లారీకి ఆనించిన బల్ల మీద కాలు పెట్టనంది. ఇద్దరు తోస్తే ముందుకాళ్ళ మీద కూలబడింది. "ఎవరైనా దానికి తెలిసినవాళ్ళు ముందు నడిస్తే ఎక్కుతుంది" అన్నాడు బేరగాడు. తోటికోడలు వెళ్ళి పలుపు అందుకుంది. ఏదో గొణుగుతూ ముందు నడిచింది. అది ఆమె వెనకే, చిన్నప్పుడు సీసా కోసం వెంటపడినట్టు, బుద్ధిగా ఎక్కింది. ఆమె పలుపు లోపల కట్టేసి, కిందికి దిగి, మోపు విప్పి పశువులకు గడ్డి వేయడానికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను చెప్పాను. అందరూ ఉండగానే, పలుకులు దాచిన రోజునుంచి డాక్టరు మాటల దాకా, ఒక్కటీ వదలకుండా చెప్పాను.

మామయ్య పళ్ళెంలోకి చూస్తూనే, "సరేలే. జరిగిందేదో జరిగింది. అందరం ఒకే ఇంటివాళ్ళం. ఎవరి చెయ్యి అయితే ఏముంది" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. పొద్దున అది ఆమె చెయ్యి. మధ్యాహ్నం నాదని తేలేసరికి ఎవరిదైనా ఒకటే అయిపోయింది. ఆయన తిడతారని ఇన్నాళ్ళూ భయపడి చచ్చాను, ఆయన నన్ను తిట్టేవారే కాదు. మరిది పళ్ళెం ముందునుంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"పొద్దున ఒక్క మాట అని ఉంటే సరిపోయేది అక్కా" అంది తోటికోడలు.

నేను చెయ్యి కడుక్కుని గొడుగు తీశాను. "తీసుకొస్తాను" అన్నాను ఆమెతో. బస్సు పట్టుకుని, బేరగాడి దొడ్డి ఎక్కడో అడుక్కుంటూ, మోకాలి లోతు బురదలో పడి వెళ్ళేసరికి సాయంత్రం అవుతోంది. దొడ్డి ఖాళీగా ఉంది. ఒక మూల ముసలి ఎద్దు నిలబడి ఉంది. బేరగాడు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏ ఆవమ్మా?"

"పొద్దున మా ఇంటినుంచి తెచ్చారే. చిన్నది. ముందు ఎవరో నడిస్తే ఎక్కింది."

"ఆ, అదా. మధ్యాహ్నమే పెద్ద లారీలో వెళ్ళిపోయింది."

"ఎక్కడికి?"

"ఎక్కడ దింపుతారో నాకు తెలిస్తే కదా" అంటూ రహదారి వైపు చెయ్యి ఊపాడు. నేను ఇంకా నిలబడే ఉన్నానని చూసి, "కావాలంటే మంచి ఆవు ఇంకోటి చూసి పెడతానమ్మా" అన్నాడు.

నేను ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. కొట్టంలోంచి క్యాన్ల చప్పుడు లేదు. పదకొండు ఆవులనూ పితికేసి, పాలు పంపేసి, ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడలేదు. నా భుజం మీదుగా వెనక రోడ్డును చూసింది, మలుపు దాకా. కాసేపు అలాగే చూసి గడియ తీసింది.

"తడిసిపోయావు, లోపలికి రా అక్కా" అంది.

తల వంచుకుని ఆమె పక్కనుంచి లోపలికి వచ్చాను. నేను వచ్చాక కూడా చాలాసేపు ఆమె గేటు వేయలేదు.